ప్రేమ అమర్యాదగా నడువదు: మరి మనం ఎలా నడవాలి?

పెళ్లి కూడికల్లో 1 కొరింథీ 13 వినని విశ్వాసి ఉండరు. ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును అనే దాకా అందరికీ నోటికి వచ్చు. ఇంకాస్త ముందుకెళ్తే "అమర్యాదగా నడువదు" అని ఉంటుంది. దాని మీద ఒక్క ప్రసంగం విన్నట్టు కూడా నాకు గుర్తులేదు. మర్యాద అంటే చదువుకున్నవాళ్ల వ్యవహారం, మనసులో ప్రేముంటే చాల్లే అని మనకో అభిప్రాయం. పౌలు మాత్రం సహనాన్నీ మర్యాదనీ ఒకే వరసలో పెట్టాడు. గలతీ 5లో ఆత్మఫలం గురించి రాస్తూ దయాళుత్వం, మంచితనం, సాత్వికం అన్నాడు. ఫలం అన్నాక పిందె వేయాలి, కాయాలి, పండాలి, టైం పడుతుంది. కాబట్టి "నేను ముక్కుసూటి మనిషినండీ, నాకు మెత్తగా మాట్లాడటం రాదు" అని తప్పించుకోవడానికి లేదు, రాకపోతే నేర్చుకోవాలి. ఎలా నేర్చుకోవాలో, రోజూ ఎదురయ్యే నాలుగైదు సందర్భాలు తీసుకుని నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

చర్చికి కొత్తగా వచ్చిన మనిషి

ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఒక పెద్ద సంఘానికి వరసగా ఐదు ఆదివారాలు వెళ్లాను. పాటలు బాగా పాడేవాళ్లు, వాక్యం బాగుండేది. "పక్కవారికి వందనాలు చెప్పండి" అని మైకులో అనగానే నా వైపు తిరిగి వందనాలు అనేవాళ్లు, మళ్లీ అటు తిరిగిపోయేవాళ్లు. ఐదు వారాల్లో నా పేరు అడిగినవాళ్లు లేరు. హాస్టల్‌కి వెళ్లి ఏడ్చిన రోజులున్నాయి. ఆరో వారం వేరే చోటికి వెళ్లాను, రేకుల షెడ్డు, యాభై మంది కూడా ఉండరు. ఆలస్యంగా వెళ్లి చాప చివర నిలబడితే ఒక పెద్దావిడ చూసి, పక్కనున్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని, జరిగి చోటిచ్చింది. నా చేతిలో పాటల పుస్తకం లేదని చూసింది. తన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మా ఇద్దరి మధ్య తెరిచి, పాడుతున్న చరణం మీద వేలు పెట్టింది. ఆ వేలికి పసుపు మరక ఉంది, వంట చేసి హడావుడిగా వచ్చినట్టుంది. ఆవిడకు ఆ పాట కంఠస్థం, కళ్లు మూసుకునే పాడుతోంది, నా కోసమని పేజీ వెతికింది అంతే. అయిపోయాక "ఎవరమ్మాయివి తల్లీ? పొద్దున ఏమైనా తిన్నావా?" అని అడిగింది. నేను ఆ సంఘంలోనే ఉండిపోయాను.

ఆవిడ చేసిందే మీరూ చేయండి, దీనికి కమిటీ అక్కర్లేదు. ఆరాధన అయిన మొదటి ఐదు నిమిషాలు మీ స్నేహితులను వదిలేయండి, వాళ్లు ఎక్కడికీ పోరు. కొత్తగా కనబడినవాళ్ల దగ్గరకు వెళ్లి మీ పేరు చెప్పి వాళ్ల పేరు అడగండి, మర్చిపోతాననుకుంటే ఫోన్లో రాసుకోండి, ఎందుకంటే వచ్చే ఆదివారం మీరు ఆ పేరుతో పిలవాలి. మంచినీళ్లు ఎక్కడున్నాయో, బాత్రూమ్ ఎటు వైపో, పిల్లలకు సండే స్కూల్ ఏ గదిలోనో వాళ్లు అడగకముందే చెప్పేయండి, ఇవన్నీ అడగడానికి మొహమాటపడే విషయాలు. అడగకూడనివి కూడా ఉన్నాయి. ఏ ఊరు, ఏ పేట, ఇంటిపేరేంటి అని వరసగా అడుగుతూ పోతే మీరు దేని కోసం చూస్తున్నారో అవతలివాళ్లకు తెలిసిపోతుంది. బాప్తిస్మం తీసుకున్నావా, పెళ్లయిందా, పిల్లలు ఎందుకు లేరు, ఇవి కూడా మొదటి రోజు ప్రశ్నలు కావు. వాళ్లను లేపి నిలబెట్టి మైకు చేతికిచ్చి "మీ గురించి చెప్పండి" అనడం కూడా ఆపేస్తే మంచిది, కొందరికి అదొక శిక్ష.

ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నామన్నది కూడా చూసుకోవాలి. యాకోబు 2లో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి "అక్కడ నిలబడు" అన్న సంగతి ఉంది కదా, అది ఇప్పటికీ జరుగుతోంది. కారు దిగినాయనకు ఫ్యాను కింద కుర్చీ, కూలి పనికి వెళ్లే అమ్మకు చెప్పులు విడిచే చోటు పక్కన చాప. కుర్చీలు తక్కువుంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, గర్భిణులకు, ముసలివాళ్లకు ఇవ్వాలని సంఘ పెద్దలు ఒక్క మాట అనుకుంటే చాలు, ఆ గొడవే ఉండదు. ఇది చిన్న విషయమని అనుకోకండి. ఒంగోలులో అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారి కాలంలో, మాదిగలను చేర్చుకుంటే మేం రాం అని పై కులాలవాళ్లు అడ్డం తిరిగారు. ఆయనా ఆయన భార్యా ఏం చేయాలో తెలియక వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1:26 దగ్గరే తెరుచుకుందని మన పెద్దలు చెప్పుకునేవాళ్లు, "గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు" అనే మాట ఉన్న చోటు. ఆయన మాదిగలను వెనక్కి పంపలేదు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరంతా దూరంగా ఉండమన్న మనుషులను ఒక చోట "రండి" అని పిలిచారు, మనలో చాలామంది తాతముత్తాతలు విశ్వాసంలోకి వచ్చింది అలాగే. ఇప్పుడు మన తలుపు దగ్గర ఇంకొకరిని దూరం పెడితే ఎలా?

కిటికీ గట్టు మీద గ్లాసు

మా చిన్నప్పుడు ఇంట్లో కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. అంచు దగ్గర చిన్న సొట్ట. అది పనికి వచ్చే ఆమె గ్లాసు. ఆమె టీ తాగి, తనే కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి వెళ్లేది. మేం ప్రతి నెలా ప్రభు బల్లలో పాలుపంచుకునే కుటుంబం, ఇంట్లో రోజూ కుటుంబ ప్రార్థన జరిగేది, అయినా ఆ గ్లాసు తప్పని నాకు చాలా ఏళ్ల వరకు తట్టలేదు. యోహాను 4 చదువుతుంటే ఒకరోజు తట్టింది. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని అక్కడే రాసి ఉంది, అయినా యేసు బావి దగ్గర ఒక సమరయ స్త్రీని దాహానికి ఇమ్మని అడిగాడు. బావి లోతైనది, చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదే అని ఆమె అంది. అంటే ఆయన తాగాల్సింది ఆమె పాత్రతోనే, అది తెలిసే అడిగాడు.

మీ ఇంట్లో అలాంటి గ్లాసు ఉంటే ఈ రోజే తీసేయండి. దాని గురించి ఏమీ చెప్పక్కర్లేదు, సారీలు కూడా అక్కర్లేదు. మీరు తాగే కప్పుల్లో ఒకదాంట్లో టీ పోసి ఇచ్చి, కుర్చీలో కూర్చోమనండి. మొదట్లో ఆమె కూర్చోకపోవచ్చు, బలవంతం చేయకండి, రోజూ అనండి, అలవాటవుతుంది. జీతం చెప్పిన తేదీకి ఇచ్చేయండి. కూలివాడి కూలి తెల్లారే దాకా మీ దగ్గర ఉంచుకోకూడదని లేవీ 19:13లో ఉంది, "చిల్లర లేదు, రేపు రా" అనే మాట దాని కిందికే వస్తుంది, ఇప్పుడు ఫోన్‌పే ఉండగా ఆ సాకు కూడా లేదు.

పిలుపు సంగతి కూడా. రూతు గ్రంథంలో బోయజు తన పొలానికి రాగానే కోత కోసేవాళ్లకు తనే ముందు "యెహోవా మీకు తోడై యుండును గాక" అన్నాడు, యజమాని ముందు పలకరించాడు, వాళ్లు తర్వాత బదులిచ్చారు. మీరూ వాచ్‌మన్‌ను ముందు మీరే పలకరించండి. తండ్రి వయసున్న మనిషిని నువ్వు అని పిలుస్తుంటే మీరు అనడం మొదలుపెట్టండి. మీ పిల్లలు వింటున్నారు, మీరు ఎలా పిలిస్తే వాళ్లూ అలాగే పిలుస్తారు.

పక్కింటివాళ్లు

అన్నిటికంటే ముందు, క్రైస్తవులు కానివాళ్లను "అన్యులు" అనే మాట మానేయాలి. బైబిల్లో ఉంది కదా అంటారు, ఉంది, కానీ మన గోడ పక్కన ఇరవై ఏళ్లుగా ఉంటూ, మనకు జ్వరం వస్తే చారన్నం పంపిన మనిషికి అది పేరు కాదు. వాళ్లకు పేర్లున్నాయి, వదిన, పిన్ని, బాబాయ్ అనే వరసలున్నాయి. ప్రార్థనలో కూడా ఆ పేర్లే వాడండి.

పండక్కి ప్రసాదం తెస్తే ఏం చేయాలని చాలామంది టెన్షన్ పడతారు. తినాలా వద్దా అన్నది మీ మనస్సాక్షికి సంబంధించింది. పౌలు 1 కొరింథీ 8, 10 అధ్యాయాల్లో ఓపిగ్గా రాశాడు, చదువుకుని తేల్చుకోండి. నేను చెప్పేది ఎలా మాట్లాడాలన్నది. గుమ్మంలో నిలబెట్టి "మేం తినం" అని తలుపు వేయకండి. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "మమ్మల్ని గుర్తుపెట్టుకుని తెచ్చారు, చాలా సంతోషం వదినా. పూజలో పెట్టినవి మేం తీసుకోం, మరోలా అనుకోకండి. ఉండండి, కాఫీ పెడతాను" అని నవ్వుతూ చెప్తే నొచ్చుకునేవాళ్లు తక్కువ. మామూలు పిండివంటలు తెచ్చినప్పుడు రెండు చేతులా తీసుకోండి, అందులో అనుమానాలు వెతకొద్దు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకండి, మన అమ్మమ్మలు గుప్పెడు పంచదారైనా వేసి ఇచ్చేవాళ్లు. క్రిస్మస్‌కు మీరు పంపేటప్పుడు వాళ్లేం తింటారో చూసుకోండి, శాకాహారులకు కేకు ఇస్తే అందులో గుడ్డుందో లేదో చెప్పి ఇవ్వండి, సందేహమైతే పళ్లు పంపండి.

ఇక మైకు. ఈ మాట మనవాళ్లకు కోపం తెప్పిస్తుందని తెలుసు, అయినా చెప్పాలి. వేకువనే లేచి గొప్ప శబ్దంతో స్నేహితుణ్ణి దీవిస్తే అది శాపంగా ఎంచబడుతుందని సామెతలు 27:14లో ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. అదే ఏడాది మద్రాసులోని ఒక చర్చి కేసులో, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి మైకుల్లో ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు అంది. వేరేవాళ్లు పెట్టట్లేదా అని అడక్కండి, వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. ఈస్టర్‌కు ముందు శ్రమల దినాల కూడికలు తరచుగా పదో తరగతి పరీక్షల రోజుల్లోనే వస్తాయి, స్పీకర్లు లోపలికి తిప్పండి, సౌండు గోడ దాటకుండా చూడండి. క్రిస్మస్ పాటలు పాడుతూ కేరల్స్‌కు వెళ్లే ముందు రోజు యూత్ పిల్లలను వీధిలో తిప్పి, మంచం పట్టినవాళ్లు, పసిబిడ్డలు ఉన్న ఇళ్లు ఏవో కనుక్కోమనండి, ఆ ఇళ్ల ముందు డ్రమ్ము ఆపేసి నడవండి.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు

బైబిల్లో కష్టాలపాలైన యోబు స్నేహితులను మనం తిడతాం కానీ మొదట వాళ్లు చాలా మంచి పని చేశారు. ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. నోరు తెరిచాకే పాడైంది. కాబట్టి రోగి దగ్గర తక్కువ మాట్లాడండి. "ఏ పాపం ఒప్పుకోలేదో చూసుకో", "విశ్వాసం ఉంటే మందులెందుకు", "మా బంధువుకీ ఇదే వచ్చి పోయాడు", ఇలాంటివి మంచం పక్కన ఒక్కటీ అనొద్దు. పది నిమిషాలు చాలు. ప్రార్థన చేయమంటారా అని అడిగి, ఊ అంటేనే చేయండి, తల మీద చేయి వేసేముందు కూడా అడగండి, కుట్లు ఉంటాయి, నొప్పులు ఉంటాయి. పక్క మంచంలో ఇంకో రోగి ఉన్నాడు, గొంతు తగ్గించండి, దేవుడికి వినబడుతుంది.

అసలు సాయం కావాల్సింది చాలాసార్లు తోడున్న మనిషికి. మూడు రోజుల నుంచి బెంచీ మీద పడుకున్న భార్యో కూతురో ఉంటుంది. "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటే ఆమె ఏమీ అడగదు. "నేను ఇక్కడ కూర్చుంటాను, నువ్వెళ్లి స్నానం చేసి రా తల్లీ" అనండి. ఫ్లాస్కు నిండా వేడినీళ్లు, ఫోన్ ఛార్జర్, ఒక దుప్పటి, కాసిని చిల్లర నోట్లు పట్టుకెళ్లండి. మందుల చీటీ తీసుకుని కింద షాపులో మీరే నిలబడండి.

చావు ఇంట్లో కూడా అంతే, ఇంకా తక్కువ మాటలు. "దేవుని చిత్తం" అనేది నిజమే కావచ్చు, కానీ ఆ రోజు ఆ తల్లికి చెప్పాల్సిన మాట అది కాదు. ఏడ్చువారితో ఏడువుడి అన్నాడు పౌలు. మీరు కూడా ఏడవండి.

ప్రార్థన మనవి పేరుతో

ఇది చిన్నగా చెప్తాను. "ఫలానా వాళ్లమ్మాయి ఇల్లు వదిలి వెళ్లిపోయింది, ప్రార్థించండి" అని గ్రూపులో పెట్టేముందు ఆ తల్లిని అడిగారా? అడక్కపోతే పెట్టకండి. అది కబురు మోయడమే. ప్రార్థన చేయాలనుంటే మోకాళ్లేసి చేయండి, పేరు దేవుడికి తెలుసు.

చివరిగా, కొన్నాళ్లుగా చర్చికి రావడం మానేసిన ఒక మనిషి మీకు ఇప్పుడే గుర్తొచ్చి ఉంటారు. ఈ సాయంత్రం ఫోన్ చేయండి. "ఏంటి, చర్చికి రావట్లేదేం" అని మొదలుపెట్టకండి. "అక్కా, బాగున్నావా, నీ నడుం నొప్పి ఎలా ఉంది? నిన్న నీ చింతకాయ పచ్చడి గుర్తొచ్చింది" అనండి. తర్వాత ఆమెను మాట్లాడనివ్వండి, మధ్యలో వాక్యం అందుకోకండి. ఆదివారం సంగతి ఆమె ఎత్తితే ఎత్తుతుంది, లేకపోతే లేదు. పెట్టేసేముందు "మళ్లీ శుక్రవారం చేస్తాను" అని చెప్పి, శుక్రవారం చేయండి.