మిడీ స్వయంశిక్షణ – 4వ పాఠం: ఈవెంట్లను వడపోయడం, మార్చడం

మిడీ అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ వాయింపు వివరాలను ఒకదానికొకటి పంపుకునే పద్ధతి. మిడీ సందేశంలోని మొదటి బైటు అది ఏ రకం సందేశమో, 16 ఛానెళ్లలో దేనికి చెందినదో తెలుపుతుందనీ, తరువాతి ఒకటి రెండు బైట్లలో 0 నుంచి 127 వరకు విలువలుంటాయనీ గత పాఠంలో చూశాం. ఆ విలువలకు సొంతంగా అర్థం లేదు. రెండో విలువగా వచ్చిన 64 నోట్ సందేశంలో వెలాసిటీ, అంటే మీట నొక్కిన వేగం. కంట్రోలర్ సందేశంలో అదే 64 ఒక చక్రమో పెడలో ఉన్న స్థానం. ఈ పాఠమంతా ఈ తేడా చుట్టూ తిరుగుతుంది.

సంగీతం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్లైన క్యూబేస్‌లోని లాజికల్ ఎడిటర్‌లోనైనా, లాజిక్ ప్రోలోని ట్రాన్స్‌ఫార్మ్ విండోలోనైనా పని రెండు భాగాలుగా సాగుతుంది: ఏ ఈవెంట్లను (రికార్డైన ఒక్కో స్వరం లేదా సందేశం ఒక ఈవెంట్) ఎంచుకోవాలో చెప్పే షరతులు, ఎంచుకున్నవాటిని ఏం చేయాలో చెప్పే చర్య. కీబోర్డు వాయించేటప్పుడు పక్క మీటకు వేలు తగిలి నమోదైన పొరపాటు స్వరాలను తొలగించాలనుకుందాం. పావు స్వరానికి (క్వార్టర్ నోట్‌కు) 480 టిక్కుల (సాఫ్ట్‌వేర్ కాలాన్ని కొలిచే చిన్న ప్రమాణాలు) లెక్కన, ‘రకం నోట్ అయి ఉండాలి, వెలాసిటీ 15 కంటే తక్కువ ఉండాలి, నిడివి 30 టిక్కుల కంటే తక్కువ ఉండాలి’ అని మూడు షరతులు పెట్టి, మూడూ కలిసి నిజమైనప్పుడే తొలగించమని చెప్పాలి. చివరి రెండింటిలో ఏ ఒక్కటి నిజమైనా చాలంటే, మీరు కావాలని మెల్లగా వాయించిన దీర్ఘస్వరాలూ, తుంచి వాయించిన బలమైన స్వరాలూ కూడా పోతాయి.

ఇక మార్పు. వాయింపులో బలాబలాల తేడా మరీ ఎక్కువైతే వెలాసిటీని 0.6తో గుణించి 40 కలపండి. 20 ఉన్నది 52 అవుతుంది, 100 అలాగే ఉంటుంది, 127 సుమారు 116కు దిగుతుంది. ఇక్కడ ‘రకం నోట్’ అన్న షరతు మరిచిపోతే అదే లెక్క కంట్రోలర్లకూ వర్తిస్తుంది. మాడ్యులేషన్ చక్రాన్ని మీరు 0కు దించిన చోటల్లా 40 చేరి, ఆ చక్రానికి వైబ్రాటోను ముడిపెట్టిన వాయిద్యంలో స్వరం ఆగకుండా వణుకుతూనే ఉంటుంది. మీట వదిలినా స్వరాన్ని నిలిపి ఉంచేదీ, 0, 127 మాత్రమే పంపేదీ అయిన సస్టెయిన్ పెడల్‌లో మాత్రం ఈ తప్పు బయటపడదు. 64కు లోపు ఏదైనా ‘వదిలినట్టే’ కాబట్టి 40 కూడా వదిలినట్టే. అందుకే ఈ పొరపాటు చాలాకాలం కంటపడకుండా దాగి ఉండగలదు.

రికార్డు చేసిన స్వరాల మీద పైరెండు సూత్రాలూ క్షేమమే, ఎందుకంటే ఎడిటర్‌లో ఒక్కో స్వరానికి ఆరంభం, నిడివి జతగా ఉంటాయి. వాయిస్తుండగానే మార్చేటప్పుడు పరిస్థితి వేరు. మీట వదిలినప్పుడు చాలా కీబోర్డులు నోట్ ఆఫ్‌కు (స్వరం ముగింపు సందేశానికి) బదులుగా వెలాసిటీ 0 ఉన్న నోట్ ఆన్‌ను (స్వరం ఆరంభ సందేశాన్ని) పంపుతాయి. వరుస సందేశాలు ఒకే రకానివైతే మొదటి బైటును మళ్లీ పంపనక్కర్లేదు కాబట్టి, సెకనుకు 31,250 బిట్లే మోసే పాత మిడీ తీగకు అది పొదుపు. ఇప్పుడు ‘వెలాసిటీ 15 కంటే తక్కువైతే తొలగించు’ అన్న ఒక్క షరతే పెడితే ఆ ముగింపు సందేశం కూడా తొలగిపోతుంది. 40 కలిపే సూత్రమైతే ఇంకా ఘోరం, ముగింపు కాస్తా కొత్త ఆరంభంగా మారుతుంది. రెండు చోట్లా స్వరం ఆగదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ సందేశాన్ని లోపలే నోట్ ఆఫ్‌గా మార్చుకున్నా, ఆ భరోసా మీద ఉండకుండా ‘వెలాసిటీ 1 లేదా అంతకంటే ఎక్కువ’ అన్న షరతును కూడా చేర్చడమే నా పద్ధతి.

పిచ్ బెండ్ (చక్రం తిప్పి స్వరస్థాయిని పైకీ కిందికీ జార్చే సందేశం) ఈవెంట్లను పలచబరిచే ఆదేశం విషయంలోనూ జాగ్రత్త అవసరం. పిచ్ బెండ్ రెండు విలువలనూ కలిపి 16,384 మెట్లుగా పలుకుతుంది, 8,192 దాని మధ్యస్థానం. కర్ణాటక సంగీతపు గమకాన్ని ఆ చక్రంతో పలికించినవారు సగం ఈవెంట్లు తీసేస్తే జారు కాస్తా మెట్లుమెట్లుగా వినిపించవచ్చు.

అభ్యాసం: ఒక నిమిషం వాయించి రికార్డు చేసి, దాని నకలు మీద 0.6, 40 సూత్రాన్ని ‘రకం నోట్’ షరతుతో ఒకసారి, లేకుండా మరోసారి నడపండి. ఈవెంట్ల జాబితాలో నోట్లను వదిలేసి మిగతా వరుసల విలువలను మాత్రమే పోల్చి చూడండి.