ఇంట్లో కట్టిన కారు, గాలి లెక్క – 4వ పాఠం: లెవెల్ పైపుతో పీడనం కొలవడం

గత పాఠంలో కారు మీద ఉన్ని పోగులు అంటించి, పక్కనే వచ్చే మరో బండి నుంచి వీడియో తీశాం. వరంగల్ కొత్తవాడ తివాచీ మగ్గాల దగ్గర మిగిలిపోయే పోగులు ఆ పనికి చక్కగా సరిపోతాయి. పోగు రేకును అంటిపెట్టుకుని వెనక్కి సాగితే గాలి అక్కడ రేకును వదలలేదని అర్థం. గిరగిరా తిరిగినా, ముందుకు మళ్లినా వదిలేసిందని అర్థం. కానీ పోగు గాలి నడిచే దారినే చూపుతుంది, ఎంత ఒత్తిడితో నడుస్తోందో చెప్పదు. బానెట్ మీద పోగులన్నీ కుదురుగా ఉన్నా, ఒక కొసన పీడనం ఎక్కువగా, మరో కొసన తక్కువగా ఉండవచ్చు. బానెట్‌కు రంధ్రం కోస్తే అది ఇంజిన్ వేడిని బయటికి పంపుతుందా, పైగాలిని లోపలికి తోస్తుందా అన్నది ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

మే నెలలో వరంగల్, రామగుండం ఎండల్లో శక్తి పెంచిన ఇంజిన్ ఎంత త్వరగా వేడెక్కుతుందో ఇక్కడ కార్లు కట్టేవాళ్లకు చెప్పనక్కరలేదు. వెంటనే గ్రైండర్ తీసి బానెట్ కోసేస్తారు. కోసిన రేకు మళ్లీ అతకదు. అందుకే ఈ పాఠం పూర్తయ్యేదాకా గ్రైండర్ ముట్టుకోవద్దని నా గట్టి విన్నపం.

పరికరం

మేస్త్రీలు పునాది మట్టం చూసుకునే పారదర్శకమైన లెవెల్ పైపు మీటరున్నర తీసుకోండి. చిన్న చెక్కపలక మీద దాన్ని ‘యు’ ఆకారంలో నిలువుగా బిగించండి. రెండు కాళ్లూ దగ్గరగా, మూడు సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి. ఎడం పెరిగితే రోడ్డు పక్కకు వాలిన చోటల్లా నీటి మట్టం తప్పు చూపుతుంది. వెనుక గ్రాఫ్ కాగితం అంటించి, పైపులో సగం దాకా మిఠాయి రంగు కలిపిన నీళ్లు పోయండి. అందులో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేస్తే నీళ్లు పైపు గోడలకు పట్టుకోకుండా సాఫీగా కదులుతాయి.

కారులో పలకను నిలబెట్టేటప్పుడు ఒక కాలు ఎడమవైపు, మరోటి కుడివైపు ఉండాలి. ముందువెనుకలుగా పెడితే వేగం పెంచినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ నీళ్లు ఊగిపోతాయి.

పలక నుంచి కొలిచే చోటికి వెళ్లడానికి మందుల దుకాణంలో దొరికే సెలైన్ సెట్టు గొట్టాలు వాడండి. లెవెల్ పైపుకూ వాటికీ మధ్య అతుకును ఎం-సీల్‌తో మూయండి. సెలైన్ సెట్టుకు ఉండే చిన్న చక్రపు క్లిప్పును పారేయకండి. దాన్ని కొంచెం బిగిస్తే గతుకులకు, గాలి విసురుకు నీళ్లు ఎగిరెగిరి పడటం తగ్గి, సగటు పీడనం స్థిరంగా కనిపిస్తుంది. పూర్తిగా బిగిస్తే ఏమీ కదలదు. సరిగ్గా ఎంత బిగించాలో ఒకటి రెండు పరుగుల్లో చేతికే తెలిసిపోతుంది.

రేకు మీద పెట్టే బిళ్ల

గొట్టం కొసను నేరుగా గాలికి ఎదురుగా పెడితే అది ఎదురుగాలి పీడనాన్ని చూపుతుంది, రేకు మీది పీడనాన్ని కాదు. అందుకని ఒక బిళ్ల కావాలి. హన్మకొండలో బోర్డులు చేసే ఏ దుకాణంలోనైనా ఆరు మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటును తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా కోసి ఇస్తారు. పైవైపు అంచును చుట్టూ ఆకురాయితో వాలుగా అరగదీయండి. పక్క నుంచి నడిమి దాకా గొట్టం పట్టేంత రంధ్రం వేసి, పైనుంచి సరిగ్గా మధ్యలో ఒక మిల్లీమీటరు రంధ్రంతో దాన్ని కలపండి. ఆ చిన్న రంధ్రం అంచున డ్రిల్లు లేపిన గరుకు ఏమాత్రం మిగలకూడదు. వేలి కొనకు తగిలిందంటే కొలత చెడిపోతుంది. సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, వేలితో తడిమి చూసి, మళ్లీ రుద్దండి. బిళ్లను టేపుతో రేకు మీద అంటించేటప్పుడు గొట్టం వెనుకవైపు నుంచి బయటికి రావాలి.

దేనితో పోల్చాలి?

పీడనం ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడాగానే కొలుస్తాం. మూత బిగించిన సీసాలోని గాలిని రెండో చోటుగా వాడవచ్చని కొందరు అంటారు. మన ఎండలకు ఆ పద్ధతి పనికిరాదు. సీసాలో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే రెండు కాళ్ల నీటి మట్టాల మధ్య సుమారు 33 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఇచ్చే మొత్తం పీడనమే 28 మిల్లీమీటర్లు. కారు లోపలి గాలినీ నమ్మలేం. కిటికీ తీసినా, ఫ్యాన్ వేసినా అది మారిపోతుంది.

కాబట్టి మనకు అవసరమైన రెండు చోట్లనే నేరుగా ‘యు’ పైపు రెండు కొసలకు కలిపేద్దాం. బానెట్ పైన బిళ్ల ఒక కొసకు, బానెట్ కింద ఇంజిన్ గదిలోని గొట్టం రెండో కొసకు. కింది గొట్టం మూతికి స్పాంజి ముక్క చుట్టి, ఫ్యాన్ గాలి తగలని చోట, సైలెన్సర్ గొట్టాలకు దూరంగా కట్టండి.

ఎంత రావాలి?

పాఠ్యపుస్తకాల్లో గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు అని ఉంటుంది. అది 15 డిగ్రీల వద్ద, సముద్ర మట్టంలో. సుమారు 270 మీటర్ల ఎత్తున్న వరంగల్‌లో 40 డిగ్రీల ఎండకు అది దాదాపు 1.1కి పడిపోతుంది. దాంట్లో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకున్నప్పుడు, ఎదురుగాలి పీడనం పాస్కళ్లలో వస్తుంది. దాన్ని 9.8తో భాగిస్తే నీటి మిల్లీమీటర్లు. ఆ లెక్కన 40 కిలోమీటర్ల వేగానికి 7, 60కి 15.6, 80కి 28 వస్తాయి. వేగం రెట్టింపయితే పీడనం నాలుగు రెట్లు. మీ పైపు 40లో చూపిన దానికి 80లో సుమారు నాలుగింతలు చూపకపోతే ముందు అతుకులు వెతకండి, ఎక్కడో గాలి కారుతూ ఉండవచ్చు. వేగాన్ని ఫోనులోని జీపీఎస్‌తో చూడండి, కారు మీటరు సాధారణంగా ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది.

చదివేటప్పుడు ఒక కాలిని మాత్రమే చూడకండి. ఒక వైపు 5 దిగితే మరో వైపు 5 లేస్తుంది, తేడా 10. నీళ్లు దిగిన వైపే పీడనం ఎక్కువ.

ఎక్కడ, ఎప్పుడు

మార్పులు చేసిన కారును మామూలు రోడ్డు మీదికి తేవద్దు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చిన వాహనాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. వరంగల్ పక్కనున్న మామునూరు పాత రన్‌వే ఖాళీగా ఉంది కదా అనుకోకండి, అది విమానాశ్రయ భూమి. ట్రాక్ గానీ, యజమాని రాతపూర్వకంగా అనుమతించిన తిన్నటి ప్రైవేటు రోడ్డు గానీ చూసుకోండి. నడిపేవారు రోడ్డునే చూడాలి. పైపును పక్క సీటులోని మనిషి చదవాలి, లేదా ఫోను కెమెరా రికార్డు చేయాలి.

తెల్లవారి గాలి లేని వేళను ఎంచుకోండి. 80లో వెళ్తుండగా ఎదురుగా 10 కిలోమీటర్ల గాలి ఉంటే పీడనం 27 శాతం పెరిగిపోతుంది. అదే దారిలో పోయి, వచ్చి రెండు కొలతల సగటు తీస్తే తప్పు రెండు శాతం లోపుకు దిగుతుంది. డిసెంబరు ఉదయపు కొలతను మే మధ్యాహ్నపు కొలతతో పోల్చకండి, గాలి సాంద్రతే వేరు.

బానెట్ మీద చదవడం

బిళ్లను ముందు అంచుకు కాస్త వెనుక పెట్టి ఒక పరుగు, నడిమిన ఒకటి, ముందు అద్దం మొదట్లో ఒకటి తీయండి. చాలా కార్లలో ముందు అంచు దాటగానే గాలి వంపు తిరిగి వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది. అద్దం మొదట్లో గాలి అడ్డుతగిలి నెమ్మదిస్తుంది, అక్కడ పీడనం పెరుగుతుంది. కార్ల కంపెనీలు లోపలి మనుషులకు కావలసిన గాలిని ఆ చోటి నుంచే తీసుకునేది ఇందుకే. వేడి బయటికి పోవాలని అద్దం దగ్గర రంధ్రం కోస్తే, వేగంలో చల్లగాలి అందులోంచి ఇంజిన్ గదిలోకి దూరి, రేడియేటర్ వెనుక పీడనాన్ని పెంచుతుంది. రేడియేటర్ గుండా రావలసిన గాలి అంతమేరకు తగ్గుతుంది. చూడటానికి పోటీ కారులా ఉంటుంది, ఇంజిన్ మాత్రం ముందుకంటే ఎక్కువ ఉడుకుతుంది.

రంధ్రం కోయవలసింది కింది పీడనం పై పీడనాన్ని బాగా మించిన చోట. 80లో నాలుగైదు మిల్లీమీటర్ల తేడా కూడా లేని చోట రేకు కోయడం వృథా అని నా అభిప్రాయం.

అయినా కోతకు ముందు చేయదగ్గ పని మరొకటి ఉంది. రెండు గొట్టాలనూ రేడియేటర్‌కు ముందొకటి, వెనుకొకటి పెట్టి కొలవండి. తర్వాత రేడియేటర్ పక్కల, పైన, కింద ఉన్న సందులన్నీ గట్టి ఫోముతో మూసి మళ్లీ కొలవండి. గాలి సులువైన దారి వెతుక్కుంటుంది, సందు ఉంటే రేడియేటర్‌ను తప్పించుకుని పోతుంది. రేడియేటర్ అదే కాబట్టి, ముందువెనుకల తేడా పెరిగిందంటే దాని గుండా గాలి ఎక్కువగా పోతున్నట్టే. ఖర్చు కాస్త ఫోము, కాస్త బంక.

వచ్చే పాఠానికి ముందు నోటు పుస్తకంలో తేదీ, ఉష్ణోగ్రత, వేగం, బిళ్ల చోటు, పోయేటప్పటి కొలత, వచ్చేటప్పటి కొలత రాసుకుని, బానెట్ మీద కనీసం ఆరు చోట్ల తీయండి. ప్రతి కొలతనూ ఆ వేగపు ఎదురుగాలి పీడనంతో భాగించి పక్కన రాయండి. 60లో 5 మిల్లీమీటర్లు వస్తే 0.32. ఈ సంఖ్యలను సుద్దముక్కతో బానెట్ మీదే రాసి ఫోటో తీసి ఉంచండి. గేరు తీసి కారును వదిలేసి, వేగం ఎంతసేపట్లో పడిపోతుందో చూసి మొత్తం గాలి నిరోధాన్ని లెక్కగట్టే ఐదో పాఠంలో ఆ ఫోటో అవసరమవుతుంది.