డివిడెండ్ పడలేదా? కంపెనీకి ఫోన్ చేసే ముందు ఇవి చూడండి

ఆగస్టు, సెప్టెంబరు వచ్చిందంటే ప్రొద్దుటూరులోని మా షేర్ల ఆఫీసులో ఒకటే మాట: "అన్నా, డివిడెండ్ పడలేదు." డివిడెండ్ అంటే కంపెనీ తన లాభంలోంచి షేర్లు ఉన్నవాళ్లకు పంచే డబ్బు. ఖనిజాలు, రసాయనాల హోల్డింగ్ కంపెనీల (వేరే కంపెనీల వాటాలు చేతిలో పెట్టుకుని నడిపించే కంపెనీల) షేర్లు పెట్టుకున్నవాళ్లు ఇంకా ఎక్కువగా వస్తారు. మంగంపేట ముగ్గురాయి, బేతంచెర్ల నాపరాయి చూస్తూ పెరిగిన మనకు ఆ వ్యాపారాల మీద గురి ఉంటుంది. డీమ్యాట్, కొనడం, అమ్మడం మీకు తెలిసినవే అనుకుని నేరుగా సమస్యల్లోకి వస్తాను.

"పేపర్లో చూశాను, డబ్బు రాలేదు"

మే నెలలో పేపర్లో వచ్చేది ఎక్కువగా బోర్డు సిఫార్సు. ఏడాది లెక్కలు ముగిశాక ఇచ్చే తుది డివిడెండ్‌కు వాటాదారుల వార్షిక సభ ఒప్పుకోవాలి. మార్చితో లెక్కలు ముగించే కంపెనీకి ఆ సభ జరపడానికి సెప్టెంబరు 30 దాకా గడువు ఉంది. సభ ఒప్పుకున్నాక 30 రోజుల్లో డబ్బు చెల్లించాలి. కాబట్టి జూన్‌లో టెన్షన్ పడొద్దు. ఏడాది మధ్యలో ఇచ్చే మధ్యంతర డివిడెండ్‌కు మాత్రం బోర్డు ప్రకటించిన రోజు నుంచే ఆ 30 రోజులు లెక్క.

ఇంకొకటి, ప్రకటించింది ఏ కంపెనీ? హోల్డింగ్ కంపెనీ కింద గని ఒక కంపెనీది, రసాయనాల ఫ్యాక్టరీ ఇంకో కంపెనీది అయి ఉంటుంది. కింది కంపెనీ ఇచ్చే డివిడెండ్ హోల్డింగ్ కంపెనీకి చేరుతుంది, మీకు కాదు. హోల్డింగ్ కంపెనీ బోర్డు మళ్లీ విడిగా ప్రకటిస్తేనే మీకు వస్తుంది. పేర్లు సగం ఒకేలా ఉంటాయి. అందుకని స్టేట్‌మెంట్‌లో ఐఎన్‌ఈతో మొదలయ్యే 12 అక్షరాల ఐఎస్ఐఎన్ (ఒక్కో షేరుకు ఉండే గుర్తింపు కోడ్) చూసి, ప్రకటనలో ఉన్న కంపెనీ అదేనా అని సరిపోల్చుకోండి.

"పక్కింటాయనకు పడింది, నాకు పడలేదు"

మీరు కొన్న తేదీ చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది చూడకుండానే కంపెనీకి ఉత్తరాలు రాస్తారు. డివిడెండ్ ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి కంపెనీ పెట్టే రికార్డు తేదీ నాటికి షేరు మీ డీమ్యాట్‌లో ఉండాలి. ఈ రోజు కొన్న షేరు మరుసటి పని దినం వస్తుంది. అంటే రికార్డు తేదీ రోజే కొంటే ఆ డివిడెండ్ అమ్మినవాళ్లకు పోతుంది. కొన్నప్పుడు బ్రోకర్ పంపిన కాంట్రాక్ట్ నోటు తీసి తేదీ చూడండి, రెండు నిమిషాల పని.

"తక్కువ పడింది"

100 శాతం డివిడెండ్ అంటే ముఖ విలువ (షేరు మీద కంపెనీ రాసిన అసలు విలువ) మీద 100 శాతం, మార్కెట్ ధర మీద కాదు. ముఖ విలువ 2 రూపాయలైతే షేరుకు వచ్చేది 2 రూపాయలే. ఈ లెక్క సరిపోయినా తక్కువ పడిందంటే టీడీఎస్, అంటే ముందే కోసుకునే ఆదాయపు పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఒక కంపెనీ ఇచ్చింది ఏడాదిలో 10,000 రూపాయలు దాటితే 10 శాతం కోస్తారు. పాన్ ఆధార్‌తో లింక్ కాక పనిచేయకుండా ఉంటే 20 శాతం. కోసింది పన్ను శాఖ వాళ్ల 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవచ్చు.

"ఏండ్ల తరబడి పడింది, ఉన్నట్టుండి ఆగింది"

దీని దగ్గర నేనే దెబ్బతిన్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

జమ్మలమడుగులో మా పెద్దమ్మకు ఒక కంపెనీ నుంచి ఏటా డివిడెండ్ వచ్చేది. ఒక ఏడు రాలేదు. "ఏండ్ల తరబడి పడతానే ఉండె గదా నాయనా, ఇప్పుడేమైంది?" అని అడిగింది. నేనూ అదే అనుకున్నాను. ఇన్నేళ్లు పడింది కాబట్టి బ్యాంకు వివరాల్లో తప్పుండదు, తప్పు కంపెనీదే అని. నాలుగు నెలలు మెయిళ్లు పంపాను. చివరికి "మీ ఖాతా నుంచి వెనక్కి వచ్చింది" అని ఒక్క లైను జవాబు వచ్చింది. నమ్మలేదు. యాప్ తెరిస్తే కొత్త బ్యాంకు ఖాతాయే కనిపిస్తోంది, షేర్లు అమ్మిన డబ్బు కూడా అందులోనే పడుతోంది.

మనం పొరబడేది అక్కడే. అమ్మిన డబ్బు వచ్చేది ట్రేడింగ్ ఖాతాకు ఉన్న బ్యాంకుకు. డివిడెండ్ వచ్చేది డీమ్యాట్ ఖాతాలో నమోదైన బ్యాంకుకు. ఒకటి మారిస్తే రెండోది దానంతట అది మారుతుందని లేదు. పెద్దమ్మ పాత బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోయింది. కొన్నాళ్లు పాత బ్రాంచి కోడ్ (ఐఎఫ్ఎస్‌సీ)తోనే డబ్బు పడింది, తర్వాత ఆగింది. డీమ్యాట్‌లో ఇంకా ఆ పాత కోడే ఉంది.

మన జిల్లాల్లో ఇది చాలామందికి వర్తిస్తుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. కడప కేంద్రంగా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. మీ డీమ్యాట్ అంతకు ముందుదైతే ఈ రోజే చూసుకోండి.

గుర్తు ఇదే: అమ్మిన డబ్బు సరిగ్గా వస్తుంది, డివిడెండ్లు మాత్రమే రావు. అదీ ఒక కంపెనీవి కాదు, అన్ని కంపెనీలవీ ఆగుతాయి. ఇలా ఉంటే మీ డీపీని (డీమ్యాట్ ఖాతా తెరిచిన బ్రోకర్ లేదా బ్యాంకును) అడిగి మీ ఖాతా వివరాలన్నీ ఉండే క్లయింట్ మాస్టర్ రిపోర్ట్ తెప్పించుకోండి, అందరూ సీఎంఆర్ అంటారు. అందులో ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, ఎంఐసీఆర్ (చెక్కు కింద ఉండే కోడ్) మూడూ ఇప్పటి చెక్కు బుక్కుతో సరిపోల్చండి. చాలామంది ఖాతా నంబరు ఒక్కటి చూసి సరిగ్గానే ఉందంటారు. మా పెద్దమ్మది కూడా నంబరు సరిగ్గానే ఉంది.

తేడా ఉంటే పేరు ముద్రించిన రద్దు చెక్కుతో డీపీకి మార్పు ఫారం ఇవ్వండి. కొన్ని రోజులయ్యాక సీఎంఆర్ మళ్లీ తీసి, మారిందని కళ్లారా చూశాకే వదలండి. రికార్డు తేదీ నాటి వివరాల ప్రకారమే డబ్బు పంపుతారు, కాబట్టి ఆ తర్వాత మార్చితే ఆ విడతకు పనికిరాదు. వెనక్కి పోయిన డబ్బు కోసం కంపెనీ రిజిస్ట్రార్‌కు (కంపెనీ తరఫున వాటాదారుల లెక్కలు చూసే సంస్థకు) విడిగా రాయాలి. కొత్త సీఎంఆర్, రద్దు చెక్కు, పూర్తి డీమ్యాట్ నంబరు, ఏ ఏడాది డివిడెండో రాసి పంపండి. ఆ డబ్బు ఏడేళ్ల దాకా ఎక్కడికీ పోదు, కంపెనీ 'చెల్లించని డివిడెండ్' ఖాతాలో మీ పేరున ఉంటుంది. ఆ జాబితా కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టాలి, అందులో మీ పేరు వెతుక్కోండి.

మిగతావి

నాన్నగారి కాలం కాగితపు షేర్లా? పాన్, ఫోన్ నంబరు, బ్యాంకు, సంతకం వివరాలు ఇవ్వని ఫోలియోలకు (కాగితపు షేర్ల ఖాతాలకు) 2024 ఏప్రిల్ 1 నుంచి డివిడెండ్ ఆపి ఉంచుతున్నారు. ఐఎస్ఆర్-1, ఐఎస్ఆర్-2 ఫారాలు రిజిస్ట్రార్‌కు పంపితే ఆగినది బ్యాంకులో పడుతుంది.

ఏడేళ్లు తీసుకోకపోతే డివిడెండ్ ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి పోతుంది. వరుసగా ఏడేళ్లు తీసుకోకపోతే షేర్లు కూడా పోతాయి. ఐఈపీఎఫ్-5 దరఖాస్తుతో రెండూ వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ దరఖాస్తుకు ప్రభుత్వ ఫీజు లేదు, తెచ్చిపెడతాం అని శాతాలు అడిగేవాళ్లకు ఇవ్వకండి.

కోర్టు స్టేలు, వారసత్వ తగాదాలు, కంపెనీయే ఎగ్గొట్టడం చాలా అరుదు. పైవన్నీ చూశాక కూడా రిజిస్ట్రార్ నుంచి జవాబు లేకపోతే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వారి ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టండి, కొత్త సీఎంఆర్ దానికి జత చేయండి.