కొర్రమీనును ఇంటికి తెచ్చే ముందు

జూలై వానలకు గుణుపురం దగ్గర వంశధార పక్క పొలాల్లో ఎర్రటి కొర్రమీను పిల్లలు ముద్దగా తిరుగుతుంటాయి. చూడగానే పట్టి తొట్టిలో వేసుకోవాలనిపిస్తుంది. ఆగండి, ముందు ఇవి చూసుకోండి.

☐ మూత. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే చేప. నీటికీ మూతకీ మధ్య నాలుగంగుళాల ఖాళీ వదలండి, లేదంటే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. ఫిల్టర్ పైపు పక్క సందు కూడా మూయాలి. మా ఇంట్లో ఒకటి అక్కడినుంచే దూకింది. తెల్లారి బియ్యం బస్తా వెనక ఒళ్లంతా దుమ్ముతో దొరికింది, ఇంకా బతికే ఉంది!

☐ సైజు. వేలెడు పిల్ల రెండడుగులు దాటగలదు. మట్టగిడస చిన్నది, మొదటిసారికి అదే నయం. వాలుగ జోలికి పోవద్దు, మీటరు దాటే జాతి.

☐ తోడు. నోట్లో పట్టేదల్లా మేతే, తోడబుట్టిందైనా సరే.

☐ మేత. బతికున్న చేపపిల్లలతో రోగాలొస్తాయి. వానపాములు, పచ్చి రొయ్య ముక్కలు చాలు.

☐ సంతలో ‘మార్పు’ (మాగుర్) చేప అని ఇచ్చేది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కావచ్చు. దాని పెంపకం మన దేశంలో నిషేధం.

☐ విసుగొస్తే? కొన్న చేపను ఏట్లో మాత్రం వదలొద్దు.