తప్పు జరిగితే మనవాళ్ళే వచ్చి మనకు చెప్పాలంటే ఏం చేయాలి?

విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్ళుగా లారీ బాడీలు కట్టే షెడ్డు నడుపుతున్నాను. "కుర్రాళ్ళు నమ్మకంగా ఉండట్లేదండీ" అని వాపోయే యజమానులు తరచూ కనిపిస్తారు. వాళ్ళ షెడ్డులో ఒక్క పూట కూర్చుంటే కారణం తెలిసిపోతుంది.

కావలసినవి ఒక నోటు పుస్తకం, గోడకో క్యాలెండరు.

ముందు డబ్బు సంగతి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు, వారం కూలి వారం సెలవు రాకముందే ఇవ్వాలి. మానేసినవాళ్ళ లెక్క 2 పనిదినాల్లో తేల్చాలి. ఇవి 2019 వేతనాల కోడ్ పెట్టిన గడువులు. నేను 1వ తేదీ దాటనివ్వను, మీరూ దాటనివ్వకండి. మానేసినవాణ్ణి డబ్బుకోసం తిప్పించుకుంటే, ఉన్నవాళ్ళు రేపు తమ గతీ ఇంతేననుకుంటారు.

తర్వాత పిలుపు. ఎంత చిన్నవాడైనా షెడ్డులో "ఒరేయ్" వద్దు. మేస్త్రిని "బాబాయ్" అంటూనే "ఇటు రా, అది తే" అనడమూ వద్దు. వరస కలిపాక "రండి బాబాయ్" అనాలి. పనికోసం వచ్చినవాళ్ళని "మీరేమిట్లు?" అని కులం ఆరా తీయకండి, ఆ ఒక్క ప్రశ్నకే సగం ముడుచుకుపోతారు. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ వేయాలని 2013 చట్టం చెబుతోంది. అంతకన్నా తక్కువమంది ఉంటే జిల్లాలో స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. లెక్కలు రాసే అమ్మాయికి చేరిన రోజే ఈ మాట చెప్పండి.

ఇక అందరూ పాడుచేసే చోటికి వద్దాం. ఎవరో వచ్చి "సార్, ఒక పొరపాటైంది" అంటారు. ఆ తర్వాతి నిమిషంలో మీరేం చేస్తారో షెడ్డంతా చూస్తుంటుంది.

ఒకసారి మా దగ్గర టిప్పర్ వెనక తలుపు కీళ్ళు అర అంగుళం పక్కకి పడ్డాయి. హెల్పరు కుర్రాడు వెల్డింగప్పుడే చూశాడు, చెప్పలేదు. రంగులు కూడా వేశాక బయటపడింది, కోసి మళ్ళీ కట్టడానికి రెండు రోజులు పట్టింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, అంతకుముందు వారం ఇంకొకతన్ని నేను అందరి ముందూ తిట్టిన మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆ తప్పు నాదని మర్నాడు అందరి ముందే ఒప్పుకున్నాను.

అందుకే, ఎవరైనా చెప్పడానికి వస్తే చేతిలో ఫోన్ పక్కన పెట్టండి. "ఎవరు చేశారు?" అని అడగకండి, "ఏం జరిగింది?" అనండి. పూర్తిగా విని "చెప్పి మంచి పని చేశావు" అని, వెంటనే సరిదిద్దే పనిలో పడండి. మందలించాల్సింది ఉంటే ఆ సాయంత్రం, పక్కకు పిలిచి, ఒక్కసారే. పాత తప్పులు తవ్వకండి. నవ్వుతూ ఎత్తిపొడవడం తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది. నష్టాన్ని జీతంలో కోయకండి. చట్టం ప్రకారమైనా అతని సంజాయిషీ వినకుండా కోయకూడదు. మేస్త్రి కూడా ఇలాగే నడుచుకోవాలి. మీరు మెత్తగా మాట్లాడి, ఆయన వెనకాల బెదిరిస్తే అంతా వృథా.

కొందరు ఏడాదికోసారి భవానీ ద్వీపానికి తీసుకెళ్ళి బిర్యానీ పెట్టిస్తారు, మిగతా రోజులంతా ఇంట్లో కూర్చుని సీసీ కెమెరాలో చూస్తుంటారు. కెమెరా దొంగతనం పట్టుకుంటుందేమో గానీ అర అంగుళం తేడాని పట్టుకోదు, దాన్ని పక్కనున్న మనిషే చెప్పాలి. టయోటా ఫ్యాక్టరీల్లో లోపం చూసిన ఏ కార్మికుడైనా తాడు లాగొచ్చు. సూపర్‌వైజరు సాయానికి వస్తాడు, అప్పటికీ సర్దుకోకపోతే లైను ఆగుతుంది. మన షెడ్డులో ఆ తాడు మన మొహమే.

చెప్పిన ప్రతి పొరపాటూ నోటు పుస్తకంలో పేరు లేకుండా రాయండి: ఏం జరిగింది, ఎలా సరిచేశాం. మూడు నెలలైనా పేజీ ఖాళీగా ఉంటే తప్పులు జరగడం లేదని మురిసిపోకండి. మేస్త్రి లేనప్పుడు అందరికన్నా చిన్న కుర్రాణ్ణి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, చివరిసారి ఇక్కడ ఎవరు ఎవర్ని తిట్టారో అడగండి.