స్పానిష్ తప్పించిన సిరిమాను

మాది బొబ్బిలి. డిగ్రీకి అమెరికా వెళ్లిన మొదటి వారమే అడ్వైజర్ గారు చెప్పారు, ఇంగ్లిష్ కాక మరో భాష నాలుగు సెమిస్టర్ల స్థాయిలో రావాలని. కంగారులో స్పానిష్‌లో చేరిపోయాను. వారానికి ఐదు రోజులు, పొద్దున్నే ఎనిమిదింటికి!

నాకు తెలుగు వచ్చు కదా అన్న ఆలోచన నాలుగు రోజులు ఆలస్యంగా తట్టింది. తెలుగు వచ్చని రుజువు చూపిస్తే స్పానిష్ తప్పుతుందని, నాన్న బీరువా వెతికి టెన్త్ మార్కుల మెమో స్కాన్ చేసి పంపారు. పని కాలేదు. తెలుగు మీడియం వాళ్లకైతే అది చాలట. నాది ఇంగ్లిష్ మీడియం.

మిగిలింది పరీక్ష. మా యూనివర్సిటీ వాళ్లు ఒప్పుకునే భాషా పరీక్షల్లో అవాంట్ స్టాంప్ ఒకటి. తెలుగులో రాయడం, మాట్లాడటం చూస్తారు. మాట్లాడటం నాకు భయం లేదు. టైపింగే టెన్షన్. అన్నాళ్లూ వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు కొట్టినదాన్ని మరి. వారం పాటు అమ్మకి రోజూ తెలుగు లిపిలోనే మెసేజ్ పెట్టాను. "ఏటే గుంటా, ఇన్ని తప్పులా?" అని నవ్వేది.

ఆ పరీక్షలో పై స్థాయి రావాలంటే పొడి వాక్యాలు సరిపోవు. జరిగింది వరసగా, కారణాలతో పేరాలుగా చెప్పగలగాలి. నేను విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం గురించి చెప్పాను: దసరా వెళ్లిన మంగళవారం, సిరిమాను అనే పొడవాటి చింతమాను చివర కూర్చున్న పూజారి, కింద అరటిపళ్లు విసిరే జనం. ఇంకా చెప్పేదాన్నే, టైమ్ అయిపోయింది.

ఫలితం వచ్చాక మినహాయింపు ఇచ్చారు. స్పానిష్ డ్రాప్ గడువుకి అప్పటికి రెండు రోజులే ఉంది.