స్క్రీన్‌ప్లే మొరాయిస్తే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, గోదావరిఖనిల్లో ఉంటూ సినిమా కథలు రాస్తున్నవాళ్లు ఇవాళ చాలామంది ఉన్నారు. హైదరాబాద్ వెళ్లి కథ వినిపించే అవకాశం రావడమే కష్టం. వచ్చిన అవకాశం స్క్రిప్టులోని లోపం వల్ల చేజారితే ఆ బాధ మామూలుగా ఉండదు. అందుకే మొదటి స్క్రిప్టుల్లో పదేపదే ఎదురయ్యే ఇబ్బందులను ఇక్కడ ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ముందుగా ఒక్క విషయం. స్క్రీన్‌ప్లేలో లోపం బయటపడే సీను వేరు, లోపం పుట్టిన సీను వేరు. 60వ సీను తేలిపోతోందని దాన్నే పట్టుకుని తిరగరాస్తూ కూర్చుంటే అది బాగుపడదు. దాని కారణం 12వ సీనులోనో, అసలు రాయకుండా వదిలేసిన సీనులోనో ఉంటుంది. కింద చెప్పిన ప్రతి పరిష్కారమూ మిమ్మల్ని వెనక్కి నడిపిస్తుంది, విసుక్కోకండి.

ఉదాహరణకు ఒక కల్పిత కథ తీసుకుందాం. నర్సంపేట వైపు పల్లెలో ఒక మిర్చి రైతు మంచాన పడ్డాడు. కూతురు సరిత మొదటిసారి 30 బస్తాల మిర్చితో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చింది.

సమస్య: మొదటి 30 సీన్లు చకచకా వచ్చాయి, ఆ తర్వాత కలం కదలడం లేదు

కారణం: మీ చేతిలో ఉన్నది నేపథ్యం, కథ ఇంకా పుట్టలేదు. మార్కెట్ వాతావరణం, తెల్లవారుజామున బారులు తీరిన ట్రాక్టర్లు, హమాలీలు, తూకం వేసే దడ్వాయిలు, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణాల్లో గుమస్తాలు, ఇవన్నీ మీకు బాగా తెలుసు కాబట్టి 30 సీన్లు వాటితోనే నిండిపోయాయి. చూపించాల్సినవన్నీ చూపించేశాక పాత్రకు చేయడానికి పనేమీ మిగల్లేదు.

పరిష్కారం: రాసింది పక్కన పెట్టి కథ లైనుకు రండి. ఎవరు, ఏం కావాలి, ఎవరు అడ్డు, గడువు లోపల దొరక్కపోతే ఏం పోతుంది? ఈ నాలుగూ ఒకే వాక్యంలో ఇమడాలి. ‘మార్కెట్‌లో రైతు కష్టాలు’ అన్నది లైను కాదు. ‘తండ్రికి పెట్టుబడి అప్పు ఇచ్చిన అడ్తిదారుకే సరుకు అమ్మాలన్న కట్టడిని దాటి, ఆపరేషన్ తేదీ లోపు మంచి ధర తెచ్చుకోవాలని ఒక కూతురు చేసే ప్రయత్నం’ అన్నది లైను. ఇందులో ఎదురుపడే మనిషి ఉన్నాడు, గడువు ఉంది.

తర్వాత వన్‌లైన్ ఆర్డర్ రాయండి, అంటే ప్రతి సీనుకూ ఒక్కటే వాక్యం. రెండున్నర గంటల సినిమాలో సగటున సీనుకు రెండు నిమిషాలు వేసుకున్నా 75 వాక్యాలవుతాయి. ఇప్పుడు ఒక సీనుకూ తర్వాతి సీనుకూ మధ్య ‘అందువల్ల’ లేదా ‘కానీ’ పెట్టి చదవండి. ‘అడ్తిదారు తక్కువ ధర కట్టాడు, అందువల్ల సరిత బస్తాలను కోల్డ్ స్టోరేజీకి తరలించాలనుకుంది, కానీ తండ్రి అప్పు తీరేదాకా సరుకు కదలడానికి వీల్లేదన్నారు.’ ఇది నడుస్తోంది. ‘ఆ తర్వాత’ అని తప్ప మరో మాట అతకని చోట గీత పెట్టుకోండి. కలం ఆగిపోవడానికి కారణం సాధారణంగా అలాంటి మొదటి గీత దగ్గరే దొరుకుతుంది.

ఇక్కడివాళ్లకు అందుబాటులో ఉన్న మరో పరీక్ష చేర్యాల నకాశీ పటం. గుడ్డ మీద గడులు గడులుగా బొమ్మలు వేసి, ఒక్కో గడిని చూపిస్తూ కథకులు కథ చెబుతారు. మీ వన్‌లైన్ ఆర్డర్‌లోని ప్రతి సీనుకూ అలా ఒక గడి గీయగలరేమో చూడండి, వంకరటింకర గీతలైనా ఫర్వాలేదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడం తప్ప ఇంకేమీ గీయలేని గడులు వరుసగా నాలుగు వచ్చాయంటే ఆ నాలుగింటిని ఒక్కటిగా కుదించాలి.

సమస్య: నోటితో చెబితే అందరూ లీనమవుతున్నారు, కాగితం మీద చదివితే చప్పగా ఉంది

ఇది మన ప్రాంతంలో మరీ ఎక్కువ. ఒగ్గు కథలు వింటూ పెరిగినవాళ్లం. గొంతు పెంచి తగ్గించడం, చేతులు తిప్పడం, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడం మనకు సహజంగా వచ్చేస్తాయి. నేరేషన్‌లో అవన్నీ కథను మోస్తాయి. కాగితం మీదకు వచ్చేసరికి డోలు ఉండదు, గొంతు ఉండదు. మిగిలింది సారాంశం.

కారణం: తెర మీద కనిపించేవి, వినిపించేవి రాయకుండా, వాటి వల్ల ప్రేక్షకుడికి కలగాల్సిన భావాన్ని రాశారు. ఇది చూడండి:

‘సరిత మార్కెట్‌కు వస్తుంది. తండ్రి గుర్తొచ్చి బాధపడుతుంది. ఇక్కడ రైతుకు న్యాయం జరగదని ఆమెకు అర్థమవుతుంది. అయినా పోరాడాలని మనసులో గట్టిగా నిర్ణయించుకుంటుంది.’

నాలుగు వాక్యాల్లో కెమెరాకు దొరికేది మొదటిదొక్కటే. అదే సీను ఇలా రాయవచ్చు:

‘బయట. ఎనుమాముల మిర్చి యార్డు. తెల్లవారుజాము.
బస్తాల వరుసల మధ్య సరిత. తండ్రి కండువా తలకు చుట్టుకుంది. ఖరీదుదారు ఒక బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు తీస్తాడు. వాసన చూస్తాడు. ఆమె ముఖం చూడకుండానే గుమస్తాకు ధర చెబుతాడు.
సరిత: పక్క కుప్పకు ఇంతకంటే ఎక్కువ కట్టారు కదా.
ఖరీదుదారు: ఇందులో తేమ ఉందమ్మా.
సరిత అదే బస్తాలోంచి ఒక కాయ తీసి అతని చెవి దగ్గర విరుస్తుంది. టక్కున విరిగిన చప్పుడు. అతను మొదటిసారి ఆమె ముఖం చూస్తాడు.’

తేమ ఉన్న మిరపకాయ వంగుతుంది, బాగా ఎండినది చప్పుడు చేస్తూ విరుగుతుంది. ఈ ఒక్క పనితో ఆమెకు సరుకు తెలుసనీ, అతను అబద్ధమాడాడనీ, ఆమె భయపడే మనిషి కాదనీ తేలిపోయింది. ‘పోరాడాలని నిర్ణయించుకుంటుంది’ అన్న వాక్యం ఇక అక్కర్లేదు. మీ ఊళ్లో మీరు దగ్గరగా చూసిన పనుల్లో ఇలాంటివి ఎన్నో ఉంటాయి, వాటిని వాడుకోండి. హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్లకు అవి అంత తేలిగ్గా దొరకవు.

పరిష్కారం: స్క్రిప్టులో ‘అనుకుంటుంది’, ‘అర్థమవుతుంది’, ‘గుర్తొస్తుంది’, ‘నిర్ణయించుకుంటాడు’ అన్న క్రియలన్నిటి కింద గీత గీయండి. ఒక్కోదాని స్థానంలో ఒక పని, ఒక చూపు, లేదా ఒక చప్పుడు పెట్టండి. ఏదీ దొరకకపోతే ఆ భావానికి ముందు సీన్లలో తగిన ఏర్పాటు చేయలేదన్నమాట.

సమస్య: డైలాగులు పొడుగైపోతున్నాయి, పాత్రలన్నీ ఒకేలా మాట్లాడుతున్నాయి

పొడవు తగ్గించాలని మాటలు కత్తిరించడం మొదలుపెట్టవద్దు. సీనులోకి వచ్చేటప్పుడు ఒక్కో పాత్రకూ ఏం కావాలో మీకే స్పష్టంగా లేనప్పుడు పాత్రలు వివరణలు ఇచ్చుకుంటూ పోతాయి. సీను పైన రెండు ముక్కలు రాసుకోండి: సరితకు ఇవాళే డబ్బు కావాలి, అడ్తిదారుకు ఆమె వచ్చే ఏడాది కూడా తన దగ్గరికే రావాలి. ఇక అతను కోప్పడడు, టీ తెప్పిస్తాడు, తండ్రి ఆరోగ్యం అడుగుతాడు. డైలాగు దానంతటదే చిన్నదవుతుంది, పదునెక్కుతుంది.

ఒకేలా మాట్లాడటానికి విరుగుడు యాస ఒక్కటే అనుకుంటారు. యాస అవసరమే. వరంగల్ మాట హైదరాబాద్ మాట కాదు, ఆదిలాబాద్ మాట అంతకన్నా కాదు, ఈ తేడా పట్టించుకున్న స్క్రిప్టు వెంటనే తెలిసిపోతుంది. కానీ ఒకే ఊరి మనుషులందరి యాసా ఒకటే అయినప్పుడు వాళ్లను వేరు చేసేది వాళ్ల లెక్కలు. అడ్తిదారు వడ్డీలో, పట్టీలో ఆలోచిస్తాడు. హమాలీ బస్తాల్లో, ఎత్తుబడి కూలిలో ఆలోచిస్తాడు. దడ్వాయికి కాంటా, తరుగు. సరితకు ఎకరాలు, కోతలు, నీటి తడులు. ఒకే వానను ఈ నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడతారు. పేర్లు మూసేసి డైలాగు మాత్రమే చదివితే ఎవరిదో తెలియాలి.

సమస్య: ఇంటర్వెల్ వరకు బాగుంది, సెకండాఫ్ లాగుతోంది

చాలా స్క్రిప్టులు ఇక్కడే ఓడిపోతాయి. క్లైమాక్స్ బలంగా లేదని అక్కడ ఫైట్లు, కన్నీళ్లు పెంచుతారు. అది మందు కాదు.

కారణం ఇంటర్వెల్ దగ్గరే ఉంటుంది. బ్యాంగ్ పేరుతో అక్కడ గట్టి చప్పుడు చేశారు తప్ప కథలోని ప్రశ్నను మార్చలేదు. సరిత అందరి ముందూ అడ్తిదారును నిలదీసింది, జనం చప్పట్లు కొట్టారు, విరామం. లేచి టీకి వెళ్లిన ప్రేక్షకుడికి తిరిగి వచ్చి తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. గెలిచేసింది కదా! సెకండాఫ్‌లో అదే గొడవ మరింత గట్టిగా నడుస్తుంది, అంతే.

పరిష్కారం: మొదటి సగం అడిగిన ప్రశ్నకు ఇంటర్వెల్‌లో జవాబు వచ్చి, ఆ జవాబు లోంచే పెద్ద ప్రశ్న పుట్టాలి. అడ్తిదారు గొడవపడకుండా ఖాతా పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడనుకోండి. అప్పుకు హామీగా పొలం రాసిచ్చిన కాగితం అందులో ఉంది, కింద తండ్రి సంతకం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పటిదాకా ప్రశ్న మిర్చి ధర గురించి. ఇప్పుడు పొలం గురించి, తండ్రిని నమ్మడం గురించి. ఎదురుగా ఉన్న మనిషి మార్కెట్‌లో కాదు, ఇంట్లో మంచం మీద ఉన్నాడు. సెకండాఫ్‌కు కొత్త ఊపిరి వచ్చింది.

ఈ మలుపు అతకాలంటే ఫస్టాఫ్‌లో తండ్రి ఆ కాగితం దాచిన ఆనవాలు ఎక్కడో ఉండాలి. ట్రంకు పెట్టె తాళం కూతురికి ఇవ్వడానికి వెనకాడిన చిన్న సీను చాలు.

సమస్య: చదివినవాళ్లు డాక్యుమెంటరీలా ఉందంటున్నారు

చారిత్రక నేపథ్యం తీసుకున్నవాళ్లకు వచ్చే ఇబ్బంది ఇది. వరంగల్ ఆజంజాహి మిల్లు మీద కథ రాస్తున్నారనుకుందాం. ఇద్దరు ముసలి కార్మికులు కూర్చుని ‘నిజాం కాలంలో, 1934లో కట్టిన మిల్లు ఇది’ అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇద్దరికీ తెలిసిన సంగతి ఎందుకు చెప్పుకుంటున్నారు? ప్రేక్షకుడి కోసం. ఆ మాట అవసరం పడిన మనిషి నోట రావాలి. కొడుకు మిల్లులో పనికి రానని మొండికేసినప్పుడు తండ్రి కోపంలో అనవచ్చు. ఎక్కడా అతకకపోతే ఆ సంవత్సరం మీ నోటుపుస్తకంలోనే ఉండనివ్వండి. అది తెలుసుకోవడం మీరు సరిగ్గా రాయడానికి ఉపయోగపడింది, అది చాలు.

సమస్య: ఎన్ని పేజీలకు ఎంత సినిమానో తేలడం లేదు

ఒక పేజీకి ఒక నిమిషం అన్న లెక్క 12 పాయింట్ కొరియర్ అక్షరాల్లో, నిర్ణీత మార్జిన్లతో ఇంగ్లిష్‌లో టైపు చేసే స్క్రిప్టుకు చెందింది. తెలుగు అక్షరాల ఎత్తు వేరు, వరుసల ఎడం వేరు. పైగా ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలు పెట్టే రెండు నిలువు వరుసల పద్ధతిలో రాస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. మీ స్క్రిప్టులో మాటల సీను ఒకటి, కదలికల సీను ఒకటి తీసుకుని, గడియారం పెట్టుకుని మనసులో నడిపించి చూడండి. మీ పేజీకి ఎంత సమయమో తెలుస్తుంది.

టైపింగ్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో టైపు చేయించిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేయించండి. పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి.

సమస్య: కథ నచ్చింది గానీ తీయలేమంటున్నారు

ఖర్చు, అనుమతులు ఆలోచించకుండా రాయడమే కారణం. మేడారం జాతర మీద క్లైమాక్స్ పెడితే అది వచ్చేది రెండేళ్లకోసారి, నాలుగు రోజులు. తప్పితే అంత జనాన్ని సృష్టించాలి. రామప్ప గుడి, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, అక్కడ సినిమా తీయడానికి ముందస్తు అనుమతి తప్పనిసరి. భూపాలపల్లి వైపు భూగర్భ బొగ్గు గనిలోకి మామూలు లైట్లు, కెమెరాలు తీసుకెళ్లడానికి భద్రతా నియమాలు అడ్డొస్తాయి. కల్పన మానుకోమని కాదు. సీను అక్కడే ఎందుకు జరగాలో మీ దగ్గర సమాధానం ఉండాలి. జాతరకు బయల్దేరిన ఎడ్లబండి మీద, నిలువెత్తు బంగారం, అంటే మొక్కు బెల్లం మూటతో జరిగే సీను ఒక్కోసారి అమ్మవార్లు కొలువుదీరే గద్దెల ముందు సీను కన్నా గాఢంగా ఉంటుంది.

సమస్య: తిరగరాయడం ఆగడం లేదు, ఎవరి మాట వినాలో తెలియడం లేదు

అన్నీ ఒకేసారి సరిచేయబోవడం దీనికి కారణం. ఒక్కో విడతలో ఒక్కటే చూడండి: మొదట సీన్ల వరుస, తర్వాత ప్రధాన పాత్ర కోరిక ఎక్కడైనా జారిపోయిందా అన్నది, తర్వాత ఒక్కో సీను మొదలూ చివరా, ఆ తర్వాతే మాటలు. అక్షరదోషాలు అన్నిటికన్నా చివర. కొట్టేయబోయే సీనులో డైలాగులు చెక్కుతూ కూర్చుంటే ఆ సీను మీద మమకారం పెరిగి కొట్టేయలేరు.

చదివినవాళ్లను ‘ఎలా ఉంది?’ అని అడగవద్దు. ఎక్కడ ఫోను చూడాలనిపించింది, ఎక్కడ ఒక పేజీ వెనక్కి తిప్పారు, సగంలో ఆపినప్పుడు తర్వాత ఏం జరుగుతుందనుకున్నారు, ఇవి అడగండి. ముగ్గురు ఒకేచోట తడబడితే అక్కడ లోపం ఉన్నట్టే. వాళ్లు చెప్పే పరిష్కారాలు మాత్రం మూడు రకాలుగా ఉంటాయి, వాటిని పక్కన పెట్టి మీరే వెనక సీన్లలో వెతకండి.

సమస్య: కథ ఎత్తుకుపోతారేమోనన్న భయంతో ఎవరికీ వినిపించడం లేదు

ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 1957 కాపీరైట్ చట్టం ఆలోచనను కాపాడదు, ఆ ఆలోచనకు మీరిచ్చిన రాతరూపాన్ని కాపాడుతుంది. అందువల్ల ఫోన్లో చెప్పిన రెండు వాక్యాల లైనుకు రక్షణ దాదాపు లేదు. పూర్తి సీన్లతో, మాటలతో ఉన్న బౌండ్ స్క్రిప్టుకు ఉంది. రాసిన క్షణం నుంచే హక్కు మీది, మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. నమోదు తప్పనిసరి కాదు కానీ వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు. పూర్తి ప్రతిని ఎవరికి, ఏ రోజు పంపారో మెయిల్‌లో కనబడేలా పంపండి.

కథ కుదిరితే సంతోషంలో కాగితాలు చదవకుండా సంతకం పెట్టకండి. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు అన్న మూడింటిలో మీకు వేటికి పేరు పడుతుందో ఒప్పందంలో విడివిడిగా రాయించుకోవాలి. 2012 సవరణ ప్రకారం సినిమా థియేటర్ ప్రదర్శన కాకుండా ఇతర రూపాల్లో వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా హక్కు ఉంది, దాన్ని నిర్మాతకు వదులుకుంటున్నట్టు రాయించుకోవడం చెల్లదు. అలాంటి వాక్యం కనిపిస్తే న్యాయవాదికి చూపించండి. అడ్వాన్సు చేతికి వచ్చిన రోజే రెండు వైపులా సంతకాలున్న ఒప్పందం ప్రతి ఒకటి మీ దగ్గరికి రావాలి.